చెరకు వ్యాసం ముందు రాయండి

మారిషస్ ద్వీపంలో జనం మాట్లాడే క్రియోల్ భాషలో కొంతమంది ఒక విజ్ఞాన సర్వస్వం రాస్తున్నారు. ఇంటర్నెట్‌లో, వికీపీడియా పద్ధతిలో. ఎవరైనా చదువుకోవచ్చు, తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్దవచ్చు. ఆ పనిలో నేనూ ఒక చెయ్యి వేస్తున్నాను. బొబ్బిలిలో ఉండే మనిషికి, అదీ చక్కెర ఫ్యాక్టరీ చెరకు విభాగంలో ఉద్యోగం చేసి రిటైరైనవాడికి, హిందూ మహాసముద్రంలోని ఒక ద్వీపం భాషతో ఏం పని అని మా వీధిలో వాళ్ళతో పాటు మా అబ్బాయి కూడా అడుగుతున్నాడు. అందరికీ కలిపి ఒకసారి వివరంగా రాసేద్దామని కూర్చున్నాను. ముఖ్యంగా, ఏ వ్యాసం ముందు రాయాలన్న విషయం మీద మా మధ్య చాలాకాలం నడిచిన వాదన గురించి రాయాలని ఉంది. ఏ చిన్న భాషలో ఇలాంటి పని మొదలుపెట్టినా ఆ వాదన వచ్చి తీరుతుంది.

సంబంధం చెరకుతోనే మొదలైంది. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను తీసుకుని మారిషస్ రేవు పోర్ట్ లూయీ చేరింది. ఆ తరువాత దాదాపు ఎనభై, తొంభై ఏళ్ళలో సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా అక్కడికి వెళ్ళారు. వాళ్ళు దిగిన మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆప్రవాసీ ఘాట్ అంటారు, 2006లో యునెస్కో వారసత్వ స్థలంగా గుర్తించింది. వెళ్ళినవారిలో తెలుగువాళ్ళు గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల వాళ్ళు. అప్పట్లో మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలన్నీ ఆ మొదటి రెండింటిలోనే ఉండేవి. కోరంగి రేవులో ఓడ ఎక్కారు కనుక అక్కడ వాళ్ళను ‘కొరంగీలు’ అనేవారు. వాళ్ళ మునిమనవలు ఇవాళ్టికీ సింహాద్రి అప్పన్నకు పూజలు చేస్తారు, రామభజన చేస్తారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. మాట్లాడేది మాత్రం క్రియోల్.

అలాంటి ఒక కుటుంబం నుంచి ఒక టీచరు గారు పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ ఇటు వచ్చారు. మోకా అనే ఊళ్ళోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఒప్పంద కూలీల రికార్డులు భద్రంగా ఉన్నాయి. అందులోంచి తీసిన ఒక కాగితం నకలు ఆవిడ చేతిలో ఉంది. ముత్తాత తండ్రి పేరు, వయసు, జిల్లా విశాఖపట్నం, ఊరి పేరు. ఆ ఊరి పేరును గుమాస్తా చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. తెలుగు వికీపీడియాలో బొబ్బిలి, బాడంగి, తెర్లాం మండలాల ఊళ్ళ పేజీలను నేను చాలాకాలంగా దిద్దుతుంటాను కనుక ఎవరో ఆవిడను నా దగ్గరకు పంపారు. ఆ స్పెల్లింగుకు సరిపోయే ఊళ్ళు మాకు ఒకటికి మించి దొరికాయి, ఏది అన్నది తేలలేదు.

తేలకపోయినా ఆవిడ నిరాశపడినట్టు కనిపించలేదు. బాడంగి దగ్గర ఇంకా మిగిలిన ఒక చెరకు మడి దగ్గర ఆగి, గట్టు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడారు. అది కార్శి తోట. నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ పిలకలు వచ్చి, జడచుట్లు వేసి నిలబెట్టి ఉంది. ఆవిడ ఒక్కొక్కటీ చూపిస్తూ దీన్నేమంటారు, అదెందుకు చేశారు అని అడుగుతూ, సమాధానాలు చిన్న పుస్తకంలో క్రియోల్‌లో రాసుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళ మేనమామ జీవితమంతా చెరకు నరికిన మనిషట. ఆయనకు తెలిసినవన్నీ ఆయన భాషలో ఎక్కడా రాసి లేవని చెబుతూ, తాము మొదలుపెట్టిన పని గురించి చెప్పారు. అప్పటి నుంచి నన్ను అన్నయ్యా అంటారు. అక్కడి బడిలో నేర్చుకున్న తెలుగుతో మొదలుపెట్టి ఇంగ్లీషులోకి వెళ్తాం, నాకు ఇప్పుడు క్రియోల్ చదివితే కొంత అర్థమవుతుంది.

ఆ భాష సంగతి కొంచెం చెప్పాలి. మారిషస్‌లో ఆది నుంచీ ఉన్న జనం అంటూ ఎవరూ లేరు. డచ్చివాళ్ళు 1638లో వచ్చి స్థిరపడలేక వెళ్ళిపోయారు. 1715లో ఫ్రెంచివాళ్ళు పట్టుకున్నారు. తోటల్లో పనికి మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ తీరం నుంచి బానిసలను తెచ్చారు. ఒకరి భాష ఒకరికి రాని ఆ మనుషులు, ఫ్రెంచి యజమానుల మాటలు తీసుకుని, తమదైన వ్యాకరణం కట్టి ఒక భాషను నిలబెట్టారు. వాళ్ళ పిల్లలకు అదే తల్లిభాష అయింది. 1810లో ఇంగ్లీషువాళ్ళు ద్వీపాన్ని గెలుచుకున్నా, 1835లో బానిసత్వం రద్దయినా ఆ భాష అలాగే ఉంది. తరువాత వెళ్ళిన మనవాళ్ళు దాన్ని చెరకు మళ్ళలో నేర్చుకున్నారు. ఇవాళ పది ఇళ్ళలో ఎనిమిదింటికి పైగా మాట్లాడేది క్రియోలే. అయినా బడిలో చదువు ఇంగ్లీషులో, పత్రికలు ఎక్కువగా ఫ్రెంచిలో. 2012 జనవరిలో గాని ప్రాథమిక పాఠశాలల్లో క్రియోల్ ఒక ఐచ్ఛిక పాఠ్యాంశంగా రాలేదు.

అన్నాళ్ళు ఎందుకు పట్టిందంటే, అది భాషే కాదు, చెడిపోయిన ఫ్రెంచి అని నమ్మేవాళ్ళు ఎక్కువ. మాట్లాడేవాళ్ళలోనే ఎక్కువ. 1960ల నుంచీ దాన్ని ఎదిరించి నిలబడినవారిలో దేవ్ వీరాసామి ముఖ్యులు. పేరు చూస్తే మన వైపు మనిషి ఎదురైనట్టు ఉంటుంది. ఆ భాషను ‘మోరిసియెన్’ అని పిలవమన్నారు, దేశ భాష అదేనన్నారు, అందులో నాటకాలు రాశారు, షేక్‌స్పియర్‌ను తెచ్చారు, రాజకీయాల్లోకి దిగి జైలుకు కూడా వెళ్ళారు. 2023లో పోయారు. ఆయన రాజకీయాల గురించి నాకు అభిప్రాయం లేదు. కానీ సామాన్యుడు రోజంతా మాట్లాడే భాషకు పుస్తకంలో చోటు ఎందుకు ఉండకూడదు అన్న ఆయన ప్రశ్న శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకు కొత్త కాదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు అదే ప్రశ్నను తెలుగు పండితులను అడిగారు. విజయనగరంలో గురజాడ వారు అడిగారు. గిడుగు వారు ఇంకో అడుగు ముందుకు వేసి, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు, వాళ్ళ పిల్లలకు బడులు పెట్టించారు, ఆ భాషకు వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. ఆ వ్యాకరణం 1931లో అచ్చయింది. కొండ మీద మాట్లాడే భాషకు వ్యాకరణం ఏమిటని నవ్వినవాళ్ళు ఆ రోజుల్లోనూ ఉండే ఉంటారు.

ఇక పని ఎలా జరుగుతుందో చెబుతాను. కొత్త భాషలో వికీపీడియా కావాలంటే అడగ్గానే ఇవ్వరు. ముందు ఇంక్యుబేటర్ అనే చోట రాసి చూపించాలి. ప్రతి భాషకూ మూడక్షరాల కోడ్ ఉంటుంది, మారిషస్ క్రియోల్‌ది ఎంఎఫ్ఈ. అక్కడ రాసే ప్రతి వ్యాసం పేరుకూ ముందు ‘డబ్ల్యూపీ/ఎంఎఫ్ఈ/’ అని తగిలించాలి. క్రమం తప్పకుండా వచ్చి రాసేవాళ్ళు కొందరైనా ఉండాలి, అదీ నెలల తరబడి. ఒక్కడే కూర్చుని వెయ్యి వ్యాసాలు రాసినా భాషా కమిటీ ఒప్పుకోదు. ఇంకొక పక్క ‘మార్చు’, ‘భద్రపరచు’, ‘చరిత్ర’ లాంటి తెర మీది మాటలన్నీ ఆ భాషలోకి తేవాలి. దానికి ట్రాన్స్‌లేట్‌వికీ అనే వేరే సైటు ఉంది. తెలుగుకు ఈ దశ ఎప్పుడో దాటింది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారు మొదలుపెట్టారు. ఆ తొలి రోజుల్లో కంప్యూటర్‌లో తెలుగు అక్షరం కనిపించడమే పెద్ద పండుగ అని పాతవాళ్ళు చెబుతారు. క్రియోల్‌కు ఆ కష్టం లేదు, రోమన్ లిపే. వాళ్ళ కష్టం వర్ణక్రమంతో.

దాని గురించి కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే నా కళ్ళ ముందు మంచి మంచివాళ్ళు అక్కడే చిక్కుకుపోయారు. ఫ్రెంచి చదువుకున్నవాళ్ళు ఫ్రెంచి స్పెల్లింగుకు దగ్గరగా రాయాలంటారు. భాష విడిగా నిలబడాలనేవాళ్ళు పలికినట్టు రాయాలంటారు. ముక్కుతో పలికే అచ్చును ఎలా చూపించాలన్నది అన్నిటికన్నా పెద్ద తగువు. 2004లో ఒక ఉమ్మడి పద్ధతి వచ్చింది, 2011లో ప్రభుత్వం వేసిన అకాడెమీ అధికారిక వర్ణక్రమం ప్రకటించింది. ఆ పద్ధతిలో, మాట చివర ఒక ‘ఎన్’ ఉంటే ముందున్న అచ్చును ముక్కుతో పలకాలి, రెండు ‘ఎన్’లు ఉంటే ‘న్’ పూర్తిగా వినబడాలి. ‘కాన్’ చివర ఒక ‘ఎన్’ రాస్తే ‘ఎప్పుడు’ అని, రెండు రాస్తే ‘చెరకు’ అని. మన అరసున్న కోసం పండితులు ఎన్నేళ్ళు పోట్లాడుకున్నారో గుర్తు చేసుకుంటే ఈ తగువు ఎంత దూరం వెళ్తుందో తెలుస్తుంది. నేను చెప్పింది ఒక్కటే: అకాడెమీది నచ్చినా నచ్చకపోయినా అదే వాడండి, వ్యాసం లోపల తగువు వద్దు. హైతీలోని మరో క్రియోల్‌కు 1979లోనే అధికారిక వర్ణక్రమం కుదిరింది, 1987 రాజ్యాంగంలో ఫ్రెంచితో సమానంగా అధికార భాష అయింది, 2004లో వికీపీడియా మొదలైంది. వర్ణక్రమం ముందే కుదరడం వల్ల వాళ్ళకు ఎంత కలిసివచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఆ వాదన. టీచరు గారి బృందం ఒక జాబితా పెట్టుకుంది. ప్రతి వికీపీడియాలోనూ తప్పక ఉండాల్సిన వెయ్యి వ్యాసాలు అని, వికీపీడియాను నడిపే వికీమీడియా వాళ్ళ జాబితా ఒకటి ఉంది. ఐన్‌స్టీన్, ఆక్సిజన్, రోమన్ సామ్రాజ్యం, ప్రజాస్వామ్యం, ఇలా సాగుతుంది. మంచి జాబితానే. వాళ్ళు దాన్ని పై నుంచి మొదలుపెట్టి, ఇంగ్లీషు వ్యాసం పక్కన పెట్టుకుని, రెండు మూడు వాక్యాలు క్రియోల్‌లోకి మార్చి, తరువాతి దానికి వెళ్తున్నారు. చదివితే ఒక వ్యాసానికీ ఇంకొక వ్యాసానికీ తేడా తెలియడం లేదు. ఫలానా ఆయన ఫలానా దేశపు శాస్త్రవేత్త, ఫలానా సంవత్సరంలో పుట్టారు. అంతే.

చెరకు వ్యాసం ముందు రాయండి, మీ మేనమామ గారిని కూర్చోబెట్టి రాయండి అన్నాను.

ఆవిడకు కోపం వచ్చింది. “అన్నయ్యా, రెండు వందల ఏళ్ళుగా మాతో అందరూ అదే అంటున్నారు. క్రియోల్ చెరకు తోటకు సరిపోతుంది, బజారుకు సరిపోతుంది, అంతకు మించి పనికిరాదని. మేం ఆక్సిజన్ గురించి రాస్తున్నదే వాళ్ళకు సమాధానంగా. మొదటి వ్యాసమే చెరకు అని రాస్తే వాళ్ళు అన్నది మేం ఒప్పుకున్నట్టు” అన్నారు.

ఈ మాటలో బలం ఉంది. నేను రాత్రంతా ఆలోచించాను. మర్నాడు ఆవిడకు నా ఉద్యోగపు పాత నోటుబుక్కులు ముందు పెట్టుకుని ఒక పొడవాటి ఉత్తరం రాశాను. దాని సారం ఇది.

చెరకు నరికిన గంటల్లోనే దానిలోని సుక్రోజ్ విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మారడం మొదలవుతుంది. అందుకే నరికిన చెరకు ఒక రోజు లోపల గానుగకు చేరాలని మేం రైతుల వెంటపడేవాళ్ళం. ఎండలో బండి మీద నిలిచిపోతే రైతుకు తూకం తగ్గుతుంది, ఫ్యాక్టరీకి చక్కెర తగ్గుతుంది. ఇది ప్రతి చెరకు కూలీకీ తెలుసు, పేరు తెలియకపోవచ్చు. దాన్ని వివరిస్తే రసాయన శాస్త్రంలో ఒక వ్యాసం అయింది. రసంలో సున్నపు తేట కలిపితే మడ్డి విడిపోయి కిందికి దిగుతుంది. ఆమ్లం, క్షారం గురించి ఒక వ్యాసం. అలా తేరుకున్న రసాన్ని గాలి తీసేసిన పాత్రల్లో మరిగిస్తారు, ఎందుకంటే పీడనం తగ్గితే తక్కువ వేడికే మరుగుతుంది, చక్కెర మాడకుండా ఉంటుంది. ఇది భౌతిక శాస్త్రం. మిగిలిన పిప్పిని బాయిలర్లలో కాల్చి కరెంటు తీస్తారు, మారిషస్‌లో ఇది బాగా జరుగుతుంది. ఎర్రకుళ్ళు తెగులు గురించి రాస్తే శిలీంధ్రాల దగ్గరకు వెళ్తాం. గోదావరి జిల్లాలో చెరకును ఎర్రకుళ్ళు ఊడ్చేస్తే 1902లో సామర్లకోటలో పరిశోధన క్షేత్రం పెట్టారు, అక్కడ నిలదొక్కుకున్న రకాల్లో ఒకటి ‘రెడ్ మారిషస్’. మా మనుషులు మీ ద్వీపానికి వచ్చారు, మీ చెరకు మా నేలకు వచ్చింది. చరిత్ర వ్యాసం అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

ఇంకొకటి. చాలా మొక్కలు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకున్నప్పుడు మొదట మూడు కార్బన్ పరమాణువులున్న పదార్థం తయారవుతుంది. చెరకులో నాలుగు ఉన్నది తయారవుతుంది. అందుకే మండే ఎండలో కూడా చెరకు అంత జోరుగా పెరుగుతుంది. ఈ సంగతి చెరకు మీద చేసిన పరిశోధనల్లోనే బయటపడింది. హవాయి చక్కెర తోటల పరిశోధకులు ముందు గమనించారు, ఆస్ట్రేలియాలో హ్యాచ్, స్లాక్ అనే ఇద్దరు 1966లో ఆ కార్బన్ నడిచే దారిని వివరించారు. ఇరవయ్యో శతాబ్దపు వృక్ష శాస్త్రంలో పెద్ద సంగతుల్లో ఒకటి మీ మేనమామ గారు రోజూ నరికిన గడ్డిలో ఉంది. మీరు ఆక్సిజన్ గురించి రాయాలనే నేనూ అంటున్నాను. చెరకు మడిలోంచి నడుచుకుంటూ అక్కడికి వెళ్ళండి అంటున్నాను. మీతో పాటు చదివేవాళ్ళూ వస్తారు.

ఆవిడ వారం తరువాత సమాధానం ఇచ్చారు, ఒక వాక్యంతో. ‘కాన్ ఎన్ ప్లాంత్ కి ను ప్లాంతే పు ఫేర్ దిసిక్.’ చెరకు, చక్కెర తీయడానికి మనం నాటే ఒక మొక్క. మొదటి వాక్యం అదే. దాన్ని చూసి నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఎక్కడి నుంచీ తెచ్చి పెట్టినట్టు లేదు, ఒక టీచరు పిల్లలకు చెప్పినట్టు ఉంది. ‘మనం నాటే’ అన్న మాట ఉంచాలా తీసేయాలా అని వాళ్ళ బృందంలో పెద్ద చర్చ జరిగింది. విజ్ఞాన సర్వస్వంలో ‘మనం’ ఉండకూడదని నియమం. చివరకు ‘జనం నాటే’ అని మార్చారు. నియమం మంచిదే, నాకు మాత్రం మొదటిదే ఇష్టం.

ఆ వ్యాసం పెరిగిన తీరు చూడాల్సిందే. మేనమామ గారు చెబుతుంటే ఆవిడ రాశారు. పొలాల మధ్య నల్ల రాళ్ళ గుట్టలు ఎందుకున్నాయో ఆయన చెప్పారు. అది అగ్నిపర్వతం పుట్టించిన ద్వీపం, నేల నిండా రాళ్ళు, మొక్క నాటాలంటే ముందు కూలీలు వాటిని ఏరి గుట్టలు పోయాలి. ఫొటోలో చూశాను, పచ్చని చెరకు మధ్య పిరమిడ్ల మాదిరి నిలబడి ఉంటాయి. ఇంగ్లీషు వ్యాసాన్ని ముందు పెట్టుకుని మార్చుకుంటూ పోతే ఈ పేరా రాదు. కోత కాలం కూడా అంతే. అక్కడ జూన్, జూలైలో మొదలై డిసెంబరు దాకా నరుకుతారు. మన దగ్గర డిసెంబరు ప్రాంతంలో గానుగ మొదలై వేసవి ముందు ముగుస్తుంది.

ఇక్కడ ఒక నిజమైన ఇబ్బంది వచ్చింది. మేనమామ గారు చెప్పారు అంటే వికీపీడియా ఒప్పుకోదు, అచ్చులో ఆధారం చూపించాలి. క్రియోల్‌లో అచ్చయిన పుస్తకాలు తక్కువ. చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. కానీ ఆధారం ఏ భాషలోనైనా ఉండవచ్చు, వ్యాసం క్రియోల్‌లో ఉంటే చాలు. మారిషస్‌లో 1953 నుంచీ చెరకు పరిశోధన సంస్థ ఉంది, దాని ప్రచురణలు ఉన్నాయి. మేనమామ గారు చెప్పిన ఒక్కొక్క సంగతికీ అందులో ఆధారం వెతికి పెట్టారు. దొరకనివి వ్యాసంలో పెట్టలేదు. ఆయన గొంతు రికార్డు చేసి, ఫొటోలు, రికార్డులు పెట్టుకునే వికీమీడియా కామన్స్ అనే సైటులో దాచారు. రేపు ఎవరైనా పరిశోధకుడు విని అచ్చు వేస్తే అప్పుడు వ్యాసంలోకి వస్తుంది. ఆ రికార్డులో వెనక కోళ్ళు అరుస్తుంటాయి, ఆయన మధ్యలో ఆగి ఎవరినో కేకేస్తారు. నేను రెండు మూడు సార్లు విన్నాను.

యంత్రంతో అనువదించి గబగబా నింపేద్దామన్నవాళ్ళూ ఉన్నారు. 2024లో గూగుల్ అనువాదంలోకి మారిషస్ క్రియోల్ కూడా వచ్చింది, కనుక ఆ ఆశ సహజం. ఈ విషయంలో నేను గట్టిగా ఉన్నాను. పదిహేనేళ్ళ కిందట తెలుగు వికీపీడియాలోకి అలా యంత్రం సాయంతో పెద్ద పెద్ద వ్యాసాలు వచ్చిపడ్డాయి. చదవబోతే వాక్యం ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలిసేది కాదు. వాటిని దిద్దడం కన్నా కొత్తగా రాయడం తేలిక అయింది. ఇక ఊళ్ళ పేజీలు. బాట్ అనే ప్రోగ్రాముతో వేల ఊళ్ళకు ‘ఫలానా మండలానికి చెందిన గ్రామం’ అన్న ఒక్క వాక్యంతో పేజీలు పుట్టించారు. అవి మొలకలుగా ఉండి నావంటివాళ్ళకు పని చూపించాయి, కాదనను. కానీ తెలుగుకు నావంటివాళ్ళు కొన్ని వందల మంది దొరికారు. మాట్లాడేవాళ్ళే తక్కువగా ఉన్న భాషలో ఆ మొలకలకు నీళ్ళు పోసేది ఎవరు?

స్కాట్లండులో మాట్లాడే స్కాట్స్ భాషకు జరిగింది ఇంకా ఘోరం. ఆ భాష రాని ఒక అమెరికా కుర్రవాడు ఏళ్ళ తరబడి నిఘంటువు పక్కన పెట్టుకుని వేల వ్యాసాలు రాశాడు. ఎవరూ గమనించలేదు. 2020లో గమనించేసరికి ఆ వికీపీడియాలో పెద్ద భాగం అదే. అతను చెడ్డ ఉద్దేశంతో చేయలేదు. కానీ ఆ భాష ఎలా ఉంటుందో చూద్దామని వెళ్ళినవాళ్ళకు కనిపించింది అతను కల్పించిన భాష. అది చూసి స్కాట్స్ అంటే వంకర ఇంగ్లీషే కదా అనుకున్నవాళ్ళు ఎందరో. చిన్న భాషలో వెయ్యి చెడ్డ వ్యాసాల కన్నా యాభై మంచి వ్యాసాలు మేలని నేను ఎవరితోనైనా వాదిస్తాను. కొమర్రాజు లక్ష్మణరావు గారి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలతో, అక్షరమాలలో అచ్చుల దగ్గరే ఆగిపోయింది, 1923లో ఆయన పోయారు. పూర్తి కాలేదని ఎవరైనా దాన్ని తక్కువ చేశారా? తరువాత వచ్చినవాళ్ళందరికీ తెలుగులో శాస్త్రం ఎలా రాయాలో ఆ మూడు సంపుటాలే చూపించాయి.

ఇదంతా చేస్తుండగా మన కొండలు గుర్తుకు రాకుండా ఎలా ఉంటాయి? సాలూరు దాటి పాచిపెంట వైపు ఘాట్ ఎక్కితే సంతలో వినబడేది ఆదివాసీ ఒడియా. దాన్ని క్రియోల్ అనడం లేదు, అది ఒడియాకు దగ్గర భాష. కానీ చేసే పని ఒకటే. ఇంట్లో కువి మాట్లాడేవాళ్ళు, కొండ భాష మాట్లాడేవాళ్ళు, తెలుగు మాట్లాడే షావుకారు, అందరూ సంతలో కలిసేది దానిలో. దాన్ని కూడా అది భాషే కాదు, చెడిపోయిన ఒడియా అంటారు. సుమారు ఇరవై ఏళ్ళ కిందట రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో, చిన్న తరగతులకు పుస్తకాలు వేయించింది. వాటిలో ఇదీ ఉంది, సవర, కువి, కొండ కూడా ఉన్నాయి. అంటే లిపి సంగతి కొంతవరకు తేలినట్టే. కోడ్ ఉంది. ఇంక్యుబేటర్ అందరిదీ.

ఆ పుస్తకాలతో చదువుకున్న ఒక కుర్రవాడు సాలూరులో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తున్నాడు. సాలూరు లారీల ఊరని మీకు తెలుసు. వాళ్ళ ఊరు పాచిపెంట మండలంలో కొండ మీద. ఫోనులో తెలుగు టైపు చేయడం బాగా వచ్చు. నా టీచరు గారి కథంతా చెప్పి, మీ భాషలో మొదటి వ్యాసం దేని గురించి రాస్తావు బాబూ అని అడిగాను. జీలుగు చెట్టు అంటాడనుకున్నాను, లేకపోతే పోడు, చోళ్ళు. కొంచెంసేపు ఆలోచించి, “లారీ బాడీ గురించి రాస్తాను మాస్టారూ” అన్నాడు. కర్ర ఏ చోట ఏది వాడాలి, అడుగు చట్రానికి బాడీని యు ఆకారపు బోల్టులతో ఎందుకు బిగిస్తారు, వెల్డింగు చేస్తే ఛాసిస్ ఇనుము ఎందుకు బలం తగ్గుతుంది, ఇవన్నీ అతని వేళ్ళ మీద ఉన్నాయి. వాళ్ళ ఊళ్ళో కుర్రవాళ్ళు సగం మంది ఆ షెడ్లలోనే ఉన్నారట, పనిలో వాళ్ళు ఒకరికొకరు నేర్పుకునేది కూడా ఆ భాషలోనేనట. అప్పుడే ఫోను తీసి రాయడం మొదలుపెట్టాడు. బోల్టును బోల్టు అనే రాశాడు, ఛాసిస్‌ను ఛాసిస్ అనే రాశాడు, మిగిలిన వాక్యమంతా వాళ్ళ అమ్మ మాట్లాడే భాష. నాకు చదివి వినిపించి, ఒక చోట ఆగి, ఇది ఇలా కాదు అని తనే కొట్టేసి మళ్ళీ రాశాడు.

మారిషస్ టీచరు గారికి ఆ పేరా పంపాను. వాళ్ళ ఊళ్ళో బస్సు బాడీలు కట్టే మెకానిక్ ఒకాయన ఉన్నారట, ఆయన దగ్గరకు వెళ్తానన్నారు.

ఇక్కడ ఒకరు ఉన్నారు, ఇంకా కొందరు కావాలి. పాచిపెంట, సాలూరు, మక్కువ మండలాల్లో ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్ళు, కువి మాట్లాడేవాళ్ళు, సీతంపేట, భామిని వైపు సవర మాట్లాడేవాళ్ళు ఇది చదువుతుంటే నాకు రాయండి. కంప్యూటర్ లేకపోయినా ఫరవాలేదు, ఫోనులో తెలుగు టైపు చేయడం వస్తే చాలు, రాకపోతే నేర్పిస్తాను. ఆదివారాలు మధ్యాహ్నం నేను సాలూరు వస్తున్నాను, కుర్రవాడి షెడ్డు ఆ రోజు ఖాళీగా ఉంటుంది, యజమాని కరెంటు వాడుకోమన్నారు. వచ్చేటప్పుడు మీ చేతికి బాగా తెలిసిన పని ఏదో ఒకటి ఆలోచించుకుని రండి.